ఆయన నిలబడ్డ చోటు

ఆదివారం. మే నెల మూడో వారం. భద్రాచలం, ఆయన ఇల్లు. ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన.

హాజరైనవారు: ఆయన భార్య, ఖమ్మంలో ఫోటో ఫ్రేముల దుకాణం నడిపే ఆయన తమ్ముడు, మా శాఖలో పనిచేసి రిటైరైనవాళ్ళు కొందరు, మా పాత డివిజన్‌కు ఇప్పుడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఉన్న మేడమ్, మా ఆవిడ, నేను. వీధివాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. కళ్ళు తుడుచుకోనివాడిని నేనొక్కడినే.

ఇలా రాసుకోవడం నాకు ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అలవాటు. తేదీ, స్థలం, ఎవరున్నారు, ఏం జరిగింది. ఆయనకు డైరీ అలవాటు లేదు. "రాసిపెడితె ఇగ యాది పెట్టుకునే పని ఉండదు కద భాయ్, అందుకే రాయను" అనేవాడు. ఆ మాట మొదటిసారి విన్నరోజు మా ఆవిడ నవ్వింది. నా డైరీల బీరువా మీద దుమ్ము దులిపేటప్పుడల్లా ఇప్పటికీ అదే మాట అని నవ్వుతుంది.

ఆ రోజు వచ్చినవాళ్ళంతా ఆయన గురించి తిప్పి తిప్పి ఒకే మాట అన్నారు. ఆయన చూస్తే మనిషిని నిజంగా చూసినట్టుండేదని. నిజమే. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఎడమకన్ను కొద్దిగా మూసి, కుడికంటితో చూస్తూ వినేవాడు. కెమెరా వల్ల వచ్చిన అలవాటు అది, మరేమీ కాదు. కానీ చప్రాసీ నుంచి చీఫ్ ఇంజనీరు దాకా ప్రతివాడూ తన కోసమే ఈయన ఒక కన్ను పక్కన పెట్టాడనుకునేవాడు. నేను రెండు కళ్ళూ తెరుచుకునే వినేవాడిని. నన్ను గురించి అటువంటి మాట ఎవరూ అన్నట్టు లేదు.

ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. వంతెనలు చూసుకునే పని. పాత వంతెన మీద బరువు పెట్టి, అది ఎంత వంగుతుందో, బరువు తీశాక మళ్ళీ పైకి లేస్తుందో లేదో కొలవాలి. నా పద్ధతి అందరికీ తెలిసినదే. వంతెన కింద పరంజా కట్టించి, దాని మీద డయల్ గేజు పెట్టి, దాని మొనను దూలానికి ఆనిస్తాను. దూలం వెంట్రుకవాసి దిగినా గేజులో ముల్లు తిరుగుతుంది. ముల్లు ఎక్కడుందో చూసి రాసుకుంటాను. నడుం లోతు నీళ్ళలో నిలబడి రాసుకున్న రోజులున్నాయి.

ఆయన నీళ్ళలోకి దిగేవాడు కాదు. వాళ్ళ నాయనకు ఖమ్మంలో ఫోటో స్టూడియో ఉండేది. ఆ కెమెరాల మధ్యే పెరిగాడు. దూలానికి అక్కడక్కడా పలకంత మేర తెల్లరంగు పూయించి, దాని మీద నల్లరంగుతో అడ్డదిడ్డంగా చుక్కలు చల్లేవాడు. చీపురును నల్లరంగులో ముంచి అరచేతి మీద కొడితే తుంపరలు పడతాయి, అవే చుక్కలు. తర్వాత ఒడ్డు మీద కెమెరా నిలబెట్టి, బరువు పెట్టకముందు ఒక ఫోటో, పెట్టాక ఒకటి. ఆ రెంటినీ కంప్యూటర్లో పోల్చితే ఏ చుక్క ఎంత జరిగిందో తెలుస్తుంది. కదలని చోట నీలం, కదిలిన చోట ఎరుపు. ఇస్త్రీ చొక్కా నలగకుండా పని అయిపోయేది.

"ముట్టుకోకు గేజు సాబ్" అనేవాడు నన్ను. ఆ పేరు ఆయన పెట్టిందే, ఆఫీసంతా అలాగే పిలిచేది. "నువ్వు పోయి ముట్టుకున్నవనుకో, అది నీ ముందర మర్యాదగ ఉంటది. దూరం నుంచి చూడు. అప్పుడు అసలు సంగతి చెప్తది."

"నీ కెమెరా దోమ వాలినా చెప్తది గానీ, దోమో దూలమో చెప్పదు" అని నేను.

"దోమ గూడ బరువే కద భాయ్."

వింటున్నవాళ్ళు ఆయన మాటకే నవ్వేవాళ్ళు. నా మాట ముందు వచ్చినా సరే.

దారిలో ఎక్కడ వంతెన కనిపించినా జీపు ఆపించేవాడు. టీ తెప్పించి, గ్లాసును పిట్టగోడ మీద పెట్టి, సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు లారీ వచ్చేదాకా ఆగేవాడు. లారీ పోతుంటే టీ ఎలా వణుకుతుందో ఒక కంటితో చూసేవాడు. ఈలోగా టీ చల్లారిపోయేది. "గేజు సాబ్‌కు వేడివేడిగ తాగుడు ఇష్టముండదు" అని ఆ గ్లాసు నాకిచ్చి, తనకు ఇంకొకటి చెప్పేవాడు. నాకు వేడి టీ అంటేనే ఇష్టం. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అంతకుముందెప్పుడో మా అమ్మాయి పుట్టినరోజుకు మా వంటింటి గుమ్మం ముందు ఆయనే తీసిన ఫోటో గోడకు వేలాడుతోంది. గోంగూర కలుపుకుంటూ దాన్ని చూశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, మా ఆవిడను అదే గుమ్మంలో నిలబెట్టి ఇంకో ఫోటో తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"భాయ్, మీ వంటింటి సజ్జ ఒక పక్కకు దిగింది" అన్నాడు. కాసేపాగి, "వదిన నవ్వు గూడ" అన్నాడు.

మా ఆవిడ అప్పుడు నవ్విన నవ్వు ఆ పాత ఫోటోలో కూడా లేదు. మర్నాడే మేస్త్రీని పిలిపించి సజ్జకు ఆసరా పెట్టించాను. నవ్వు సంగతికి ఎవరిని పిలిపించాలో తెలియలేదు.

ఇక ఒక వాగు మీది వంతెన సంగతి. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద ఉంటుంది. అవతల కోయ ఊళ్ళు. అప్పటికి మా ఇద్దరికీ రిటైర్మెంటు దగ్గరపడింది. పెద్ద వరద వచ్చిపోయాక వంతెన మీద బస్సు నడవొచ్చా లేదా తేల్చమన్నారు. నన్ను గేజులతో, ఆయనను కెమెరాతో, ఇద్దరినీ పంపారు. నేను రెండో స్తంభం పక్కన నీళ్ళలో పరంజా కట్టించుకున్నాను. ఆయన ఒడ్డు మీద ఒక బండ చూసుకుని, కెమెరా స్టాండు కాళ్ళు నిలవడానికి ఉలితో మూడు చిన్న గుంటలు కొట్టుకున్నాడు. మధ్యాహ్నం స్టాండు తీసి మళ్ళీ పెట్టినా అంగుళం తేడా రాకూడదని. అడుగుల అదురుకు కెమెరా కదులుతుందని మనుషులెవరినీ ఆ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. మా జూనియర్లంతా వంతెన పైన మా పెద్దసారు, సూపరింటెండింగ్ ఇంజనీరుగారి వెనక ఉన్నారు. ఒడ్డు మీద ఆయన ఏం చేస్తున్నాడో దగ్గరగా కనిపించేది నీళ్ళలో ఉన్న నాకొక్కడికే. ముల్లు తిరగని సమయమంతా నాకు వేరే పని లేదు. ఆయనను చూస్తూ నిలబడ్డాను.

ఎడమకాలు ముందుకు, కుడిమోకాలు కొద్దిగా వంచి నిలబడేవాడు. మీట నొక్కేముందు పెదవులు కదిలేవి. బిస్మిల్లా అనుకునేవాడు. అది పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు నొక్కేవాడు.

ఇసుక నింపిన టిప్పరును వంతెన నడిమిన నిలబెట్టారు. నా గేజు ముల్లు తిరగవలసినంతే తిరిగింది. దూలం బాగుంది. పైన కంప్యూటర్లో మాత్రం నడిమి పలక ఎర్రగా మండిపోయింది. వంతెన నడుం విరిగి పక్కకు దూకినట్టు చూపించింది. పెద్దసారు ముఖం మాడిపోయింది. "బస్సు బంద్ పెట్టండి" అన్నారు. అవతలి ఒడ్డున నిలబడ్డ ఊరివాళ్ళకు ఆ మాట వినిపించింది. ఒక ముసలామె అక్కడే ఇసుకలో కూలబడింది.

నేను కింద నుంచి కేకేశాను, దూలం బాగుందనే నా గేజు చెబుతోందని. పెద్దసారు ఒకసారి వంగి చూసి, తలూపి, మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగారు. కెమెరా తప్పు చెప్పిన రోజున కూడా నా గేజును ఎవరూ నమ్మలేదు.

ఆయన ఒడ్డు దిగి, ఆ రోజు మొదటిసారి చొక్కా తడుపుకుంటూ నా పరంజా దాకా వచ్చాడు. ఎడమకన్ను మూసి నడిమి పలకను చూశాడు. చూసి నవ్వడం మొదలుపెట్టాడు. దూలం నీడలో నాకూ అప్పుడు కనిపించింది. ఆ పలక మీద చుక్కలు వరసలుగా ఉన్నాయి. వరస వెనక వరస, సమదూరంలో, ముగ్గుకు పెట్టినట్టు.

వంతెన దగ్గరే గుడిసె వేసుకుని కాపలా ఉన్న మేస్త్రీ భార్య చేసిన పని అది. పిలిస్తే వచ్చింది.

"పెద్దసారొస్తడని చెప్పిండ్రు కద సారూ. గా చుక్కలు జూస్తె కోడి గీరినట్టున్నయి. మా పనేమో అనుకుంటరని సిగ్గయింది. నిన్న పొద్దుగూకె ముందట తెల్లరంగు మళ్ళ పూసి, సక్కగ పెట్టిన. నడిమిదొక్కటే అయింది, మిగిలినయి పెడుదునంటె రంగు సాలలే."

మేస్త్రీ ఆమెను తిట్టబోయాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, మస్తు పెట్టినవ్ ముగ్గు. కానీ అన్ని ఒక్క తీరుగ ఉంటె ఏ చుక్క జరిగిందో నా కెమెరాకెట్ల తెలుస్తది? పక్కదాన్ని జూసి ఇదే అది అనుకుంటది. కోడి గీరినట్టే కావాలె నాకు. నువ్వే గీరు."

చీపురు ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె మొహమాటపడుతూ కొట్టిన మొదటి దెబ్బకు సగం చుక్కలు ఆయన చొక్కా మీద పడ్డాయి. అవతలి ఒడ్డువాళ్ళు కూడా నవ్వారు. సాయంత్రం మళ్ళీ పరీక్ష చేస్తే పలకలన్నీ నా గేజు చెప్పినట్టే చెప్పాయి. బస్సు నడవొచ్చని తేలింది. రిపోర్టులో "కెమెరా పరీక్ష ద్వారా నిర్ధారించడమైనది" అని రాశారు. నా గేజు కొలతలు చివర జతచేసిన కాగితాల్లో ఉన్నాయి. ఆ ఊరివాళ్ళు ఆయనకు చుక్కల సారు అని పేరు పెట్టుకున్నారు. నన్ను గుర్తుపట్టినవాళ్ళు "ఇంకో సారు" అనేవాళ్ళు.

ఇదంతా ఫాతెహా రోజు మళ్ళీ ఎవరో ఎత్తుకున్నారు. ముగ్గు కథ అందరికీ తెలిసిందే అయినా అందరూ విన్నారు. ఈసారి కథలో నేను లేను. పరంజా కూడా లేదు.

కథ అయ్యాక మేడమ్ మెల్లగా తన సంగతి చెప్పింది. "పోయిన వరదకు ఆ వంతెన మళ్ళీ దెబ్బతిన్నదని బస్సు ఆపేశాం. ఊరివాళ్ళు పేషెంట్లను మంచాల మీద రోడ్డు దాకా మోసుకొస్తున్నారు. వానలు మొదలైతే అదీ కుదరదు. అప్పటికీ ఇప్పటికీ దూలం దిగిందా లేదా అన్నది ముందు తేలాలి. సార్ తీసిన పాత ఫోటోలు ఆఫీసులో ఉన్నాయి. చుక్కలు నూనెరంగువి, చాలావరకు అలాగే ఉన్నాయి. కానీ సార్ నిలబడ్డ చోటునుంచే ఇప్పుడు ఫోటో తీయాలి. ఆ బండ ఏదో తెలియడం లేదు. వరద ఒడ్డంతా ఒండ్రు మేటేసి పోయింది. ఎవరికైనా గుర్తుందా సార్?"

అందరికీ గుర్తున్నట్టే ఉంది. ఒకాయన రేవు మెట్ల పక్కన అన్నాడు. ఇంకొకాయన, కాదు, మలుపు దగ్గర అన్నాడు. తమ్ముడు తన అన్న ఎక్కడ నిలబడ్డా అక్కడ వెలుతురు బాగుంటుందన్నాడు. ఆయనను అంత ప్రేమించినవాళ్ళు ఒక్కరూ ఆ చోటు చెప్పలేకపోయారు.

నేను చెప్పలేదు. అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. నా డైరీలో ఆ రోజు పేజీలో అన్ని గేజుల కొలతలూ ఉంటాయి గానీ ఆ బండ సంగతి ఉండదు. అటువంటివి రాసుకోనక్కర్లేదు, కళ్ళు మూసుకుంటే కనిపిస్తాయి. చెబితే మళ్ళీ ఆయన కెమెరాయే గెలుస్తుంది. ఆ ముద్ద మింగేదాకా నా మనసులో ఉన్నది ఇదే.

చేతులు కడుక్కునే చోటికి భాభీ, ఆయన భార్య, తువ్వాలు తీసుకుని వచ్చింది. ఆమె చేతిలో కెమెరా సంచి కూడా ఉంది.

"భాయ్‌సాబ్, ఇది మేడమ్‌కు ఇస్తున్న. ఇంట్ల ఉంటె నాకు తుడుసుడే పని." తువ్వాలు నాకిచ్చి, గొంతు తగ్గించి అంది. "ఎక్కడ నిలబడ్డవో రాసి పెట్టరాదు అని అప్పట్లనే అన్న ఆయనతోని. నవ్విండు. 'ఎందుకు, గేజు సాబ్ చూస్తుండు గద. నేను మంచినీళ్ళు తాగినా చూస్తడు' అన్నడు."

నేను చేతులు తుడుచుకుంటూనే ఉన్నాను. అప్పటికే ఆరిపోయాయి.

"కోపంగ అనలే భాయ్‌సాబ్. ఖుషీగనే అన్నడు."

అది ఇంకా కష్టంగా అనిపించింది. ఇన్నేళ్ళూ నేను దూరం నుంచి ఆయనను చూస్తున్నానని అనుకున్నాను. ఆయన ఆ చూపునే నమ్ముకుని, గుర్తు పెట్టకుండా వదిలేసి పోయాడు.

బయటికి వచ్చి మేడమ్‌తో అన్నాను. "పొద్దున్నే జీపు పంపండి. పాత ప్యాంటు వేసుకుని వస్తాను."

మర్నాడు ఎండ ఎక్కకముందే వాగు చేరాం. నీళ్ళు మోకాలి లోతుకు మించి లేవు. ఊరివాళ్ళు పారలతో సిద్ధంగా ఉన్నారు. ఆ రోజు ఇసుకలో కూలబడిన ముసలామె కూడా వచ్చింది.

"చుక్కల సారు ఏడి?" అని అడిగింది.

పోయాడని మేడమ్ చెప్పింది. ఆమె తన భాషలో పక్కవాళ్ళతో ఏదో అంది. మగవాళ్ళు పారలు కింద పెట్టారు. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు గప్పటి ఇంకో సారువు గాదె?"

"అవ్" అన్నాను.

అందరూ ఒడ్డు మీద నిలబడ్డారు. నేను నీళ్ళలోకి దిగి, రెండో స్తంభం పక్కకు, నా పాత పరంజా ఉన్న చోటికి నడిచాను. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి చూశాను. ఆ రోజు ఆయన తల వెనక మద్దిచెట్టు చీలిన కొమ్మ ఉండేది. చెట్టు లావెక్కింది, చీలిక అక్కడే ఉంది. పార పట్టుకున్న మనిషిని జరగమన్నాను.

"ఎడమకు. ఇంకా. ఇంకొంచెం. ఎక్కువైంది, వెనక్కి రా. ఆగు. అక్కడ తవ్వు."

"ఈడ ఒండ్రే ఉన్నది సారూ."

"తవ్వు."

పార రాతికి తగిలిన చప్పుడు నా దాకా వినిపించింది. నేను ఒడ్డుకు చేరేసరికి బండ తేలింది. మేడమ్ సీసాలో నీళ్ళు పోసి చేత్తో తుడిచింది. మూడు గుంటలు, మట్టి నిండి, వేలి కొస పట్టేంత. స్టాండు కాళ్ళు వాటిలో కూర్చున్నాయి.

ముసలామె కొంగు దోపుకుని బండ పక్కన నిలబడి చూపించింది. "ఆ సారు గిట్ల నిలబడేటోడు."

"కాదమ్మా, ఎడమకాలు ముందుకు" అన్నాను.

ఆమె కాలు మార్చింది. "నీకు దోస్తా?" అని అడిగింది.

ఆ లోపే మేడమ్ పాత ఫోటోతో సరిచూసి, "కరెక్ట్ సార్, మీరే నొక్కండి" అంది. కెమెరా వెనక నిలబడ్డాను. ఎడమకన్ను దానంతటదే మూసుకుంది. ఆయన బిస్మిల్లా అనుకోవడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఊపిరి బిగబట్టి, నొక్కాను.

లాప్‌టాప్‌లో పలకలు ఒక్కొక్కటే నీలంగా తేలాయి. చివరిదాకా నీలమే. మేడమ్ రెండోసారి చూసుకుని, ఊరివాళ్ళ వైపు తిరిగింది. "దూలం దిగలేదు. ఇంకా టిప్పరు పెట్టి చూడాల్సింది ఉంది. అదీ ఈ వారమే చేస్తాం. బాగుంటే వానలకు ముందే బస్సు వస్తుంది."

ముసలామె గట్టు ఎక్కుతూ పైనున్నవాళ్ళకు కేకేసి చెప్పింది, బస్సు వస్తదట, చుక్కల సారు కెమెరా చెప్పిందట అని. స్తంభం పక్కన నీళ్ళలో ఎవరు నిలబడ్డారో ఆమె చెప్పలేదు, పైవాళ్ళు అడగలేదు. నా ప్యాంటు ఇంకా కారుతోంది.

మేడమ్ బండ దగ్గరే ఆగింది. "సార్, ఇక్కడ రంగుతో గుర్తు పెట్టిద్దామా? మళ్ళీ ఒండ్రు పడుతుంది."

"ఎందుకు మేడమ్" అన్నాను. "ఎప్పుడు కావాలన్నా నన్ను పిలవండి. నేను చూపిస్తాను."

ఆమె సరేనంది. నేను జీపు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూశాను. మేడమ్ ఫోన్ బయటికి తీసి, ఆ మూడు గుంటలూ వెనక మద్దిచెట్టు కొమ్మా ఒకేసారి పట్టేలా వంగి, ఫోటో తీసుకుంటోంది.